పంటి బిగువు

యూనివర్సిటీ ఆసుపత్రి నుంచి మళ్ళీ కవరొచ్చింది.
ఇరవై రెండేళ్ళలో ఇది నాలుగోది.
"హిల్క్కా గారూ,
మీ దవడ కీలు ఇప్పుడెలా ఉంది?"
ఈ కువోపియో ఊళ్ళో
కీలు కుశలం అడిగేవాళ్ళు ఇంకెవరూ లేరు.
అందుకే కాఫీ పెట్టుకుని కూర్చున్నాను.

నొప్పికి సున్నా నుంచి పదిలోపు ఒక అంకె వేయాలట.
ఏ పూట నొప్పికి?
రాత్రంతా నిద్రలో ఎవరితోనో పోట్లాడి
ఓడిపోయి లేచినట్టుండే పొద్దుటి ఆరుకా,
సరస్సు మీది గాలి
చెవి ముందు మేకు దిగ్గొట్టే ఎనిమిదికా,
ఆవిరిగదిలో రాళ్ళు చుయ్యిమన్నాక
పావుగంటసేపు
నాకు దవడంటూ ఒకటుందని మరిచిపోయే సున్నాకా?
నాలుగు వేశాను.
ప్రతిసారీ నాలుగే వేశాను.
అబద్ధం కాదు, మర్యాద.

గట్టి పదార్థాలు నమలగలరా?
ఇది చదివి నవ్వొచ్చింది,
నవ్వు సగంలో టక్కుమంది.
ముప్పై ఒక్క ఏళ్ళు సంత హాల్లో కలకుక్కోలు అమ్మినదాన్ని.
రై పిండిలో చిన్నచేపలూ పందికొవ్వూ మూసి
రాత్రంతా పొయ్యిలో ఉంచితే
తెల్లారికి లోపల వెన్న, పైన చెట్టుబెరడు.
"పెంకు తినకపోతే తిన్నట్టే కాదండీ"
అని కొనేవాళ్ళకి చెప్పింది ఈ నోరే.
ఇంటికొచ్చి, పెంకు తావెత్తికిచ్చి,
లోపలి మెత్తన చెంచాతో తిన్నదీ ఈ నోరే.

ఆపిల్ కొరికిన చప్పుడు
నా సొంత నోట్లో విని పద్దెనిమిదేళ్ళు.
ఆవలింత వస్తే గడ్డం కింద పిడికిలి పెట్టి
గాలికి కొట్టుకునే తలుపుని పట్టుకున్నట్టు పట్టుకుంటాను.
చర్చి బృందగానంలో నా చోట్లో
ఇప్పుడు సైమీ అనే పిల్ల నిలబడుతోంది.
బాగా పాడుతుందట.
నేను వినడానికి వెళ్ళలేదు.

అక్క ఐలీ పోయినప్పుడు
పంటి బిగువున ఓర్చుకోమన్నారు అందరూ.
ఈ దేశంలో ఓర్పుకి వేరే దారి తెలీదు.
యుద్ధం నుంచి తిరిగొచ్చిన నాన్న
పళ్ళు బిగించే నలభై ఏళ్ళు బతికాడు,
ఆయన్ని చూసి నేను.
ఏ నొప్పినైనా పంటి బిగువున దాచొచ్చు గాని
ఆ బిగువే నొప్పయితే
దాన్నెక్కడ దాస్తారు?
దాచలేదు. మంచులో, సమాధి పక్కన,
నోరారా ఏడ్చాను.
తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.
పాస్టరు ప్రార్థన ఆపాడు.
అందరూ దుఃఖం అనుకున్నారు.
కుర్ర డాక్టరొకడు బొటనవేళ్ళకి గుడ్డ చుట్టుకుని
కిందకి నొక్కి, వెనక్కి తోసి,
నా ఏడుపు మూసి పంపించాడు.
దీని గురించి ఫారంలో ప్రశ్న లేదు.

దాంపత్యం గురించి ఉంది.
వ్యాయామం నేర్పినావిడ రాసిచ్చిన కాగితం
ఇంకా మా ఫ్రిజ్ మీదే ఉంది:
"పెదవులు కలవాలి, పళ్ళు కలవకూడదు."
ముద్దుకీ ఇదే నియమం కదా అన్నాడు తావెత్తి అంటిస్తూ.
నిద్రలో నా తిరగలి మొదలైతే
కళ్ళు తెరవకుండానే చెంప మీద అరచెయ్యి పెడతాడు,
ఆగుతుంది.
ఇప్పుడాయనకి ఎడమ చెవి పోయింది.
కుడి చెవి పైకి పెట్టుకునే పడుకుంటాడు.
ఈ గడిలో "ప్రభావం లేదు" అని టిక్కు పెట్టబోయి
పెన్ను చాలాసేపు గాల్లోనే పట్టుకున్నాను.

చివరిది: మొత్తం మీద మీ జీవన నాణ్యత?
మెరుగు, అలాగే ఉంది, అధ్వాన్నం.
మూడు గళ్ళు, మూడూ గోరంత.
అంచు మీద రాశాను:
"పెంకు ముక్క కాఫీలో మెత్తబడటానికి
ఎనిమిది నిమిషాలు పడుతుంది.
ఆ ఎనిమిది నిమిషాలూ కిటికీలోంచి సరస్సుని చూస్తాను.
నమలగలిగిన రోజుల్లో
అది అక్కడుందని కూడా సరిగా చూడలేదు.
దీన్ని మెరుగని రాసుకోకండి.
పెంకు పెంకే.
ఐదేళ్ళకి మళ్ళీ అడగండి."

కవరు అతికిస్తుంటే
తావెత్తి మంచి చెవి ఇటు తిప్పాడు:
"నాలుగేనా?"
"నాలుగే."